చెయ్యి చూస్తేనే మూలకు పారిపోయే లవ్ బర్డ్ మచ్చిక అవుతుందా?

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను. తిరుపతిలో ఒక షాపు నుంచి ఆఫ్రికన్ లవ్ బర్డ్ ఒక్కదాన్ని తెచ్చారు, నెల కావస్తోంది. పంజరంలో చెయ్యి పెట్టగానే వెనక మూలకు దూకి కమ్మీలు పట్టుకుని వేలాడుతోంది. ఇంకా దగ్గరికి వెళ్తే రక్తం వచ్చేలా కొరుకుతోంది. షాపాయన "రెక్కలు కత్తిరించండి, లేదంటే జత తెచ్చి వేయండి" అన్నాడు. మీ పాపకేమో అది చేతి మీద కూర్చోవాలి. ఇది మచ్చిక అవుతుందా, ఎన్నాళ్లు పడుతుంది అని మీ ప్రశ్న.

మచ్చిక అవుతుంది. దానికి మొదటి పని, పంజరంలో చెయ్యి పెట్టడం ఆపేయడం. గింజలు, నీళ్లు మార్చడానికి, అడుగు ట్రే శుభ్రం చేయడానికి తప్ప చెయ్యి లోపలికి పోకూడదు. రెక్కలు కత్తిరించొద్దు. జత ఇప్పుడే వద్దు. ఎన్నాళ్లంటే, పిల్ల పక్షి అయితే కొన్ని వారాలు, షాపులో గుంపులో పెరిగిన పెద్ద పక్షి అయితే నెలలు. పెద్దవాటిలో కొన్ని మీ చేతిలోంచి తింటాయి, భుజం మీద వాలుతాయి, కానీ వేలి మీద కూర్చోవు. అది కూడా మచ్చికే. పాపకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

ఇంకేమైనా చేసేముందు మీ దగ్గరున్నది ఏ పక్షో ఒకసారి చూసుకోండి. మన ఊళ్లలో లవ్ బర్డ్స్ అంటే చాలామంది ఇళ్లలో ఉండేవి బడ్జీలు. సన్నటి ఒళ్లు, పొడవాటి తోక, మెడ మీద నల్లటి గీతలు. అవి ఆస్ట్రేలియా పక్షులు. అసలైన లవ్ బర్డ్ ఆఫ్రికాది. పొట్టి తోక, గుండ్రటి ఒళ్లు, ఆ ఒంటికి మించిన గట్టి ముక్కు, బరువు సుమారు 50 గ్రాములు. మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి పీచ్ ఫేస్, ఫిషర్ రకాలు. ఎందుకు చెబుతున్నానంటే బడ్జీ పెంచినవాళ్లు ఇచ్చే సలహాలు దీనికి సగమే పనికొస్తాయి. బడ్జీ కొరికితే చురుక్కుమంటుంది, అంతే. లవ్ బర్డ్ కొరికితే చర్మం తెగుతుంది. పైగా దానికి తన చోటు, తన వస్తువు అనే పట్టుదల చాలా ఎక్కువ. రక్తం వచ్చింది అన్నారు కాబట్టి మీది ఆఫ్రికన్ పక్షే అనుకుని రాస్తున్నాను.

తర్వాత వయసు. ముక్కు మొదట్లో నల్లటి మరకలాంటిది ఉంటే అది ఇంకా పిల్ల, మీ అదృష్టం. కొన్ని నెలల్లో ఆ నలుపు పోతుంది. పసుపు రంగు లుటినో పక్షి అయితే ఈ గుర్తు కనిపించదు, వాటిలో నలుపు రంగే ఉండదు. నలుపు లేకపోతే ఎంత వయసో చెప్పలేం, పెద్దదనే లెక్క వేసుకోండి. దిగులు పడాల్సిన పని లేదు. బాగా చూసుకుంటే ఇవి 10 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి. అంత కాలం తోడుండే పక్షి కోసం కొన్ని నెలలు ఓపిక పట్టడం పెద్ద విషయం కాదు.

ఇప్పుడు భయం సంగతి. షాపులో దాని బతుకు ఎలా ఉందో ఊహించండి. ఒక పెద్ద బోనులో ముప్పై నలభై పక్షులు. చెయ్యి లోపలికి వచ్చిందంటే ఎవరినో పట్టుకోవడానికే. ఒకరోజు ఆ చెయ్యి దీన్నే పట్టుకుంది, చిల్లులున్న అట్టపెట్టెలో వేసింది, స్కూటర్ మీద మీ ఇంటికి వచ్చింది. మనిషి చెయ్యి గురించి దానికి తెలిసింది అంతవరకే. దానికి తోడు పైనుంచి వచ్చే ఏదైనా చిన్న పక్షికి డేగే. మీరు ప్రేమగా పైనుంచి వేలు చాచినా దాని లెక్కలో తేడా లేదు.

కొరకడం దాని చివరి మాట. అంతకు ముందే అది చాలాసార్లు "వద్దు" అని చెప్పి ఉంటుంది. ఈకలు ఒంటికి అతుక్కుపోయి సన్నగా అయిపోతుంది. మెడ సాగదీస్తుంది. ఒళ్లు వెనక్కి వాలుస్తుంది. నోరు తెరిచి చూపిస్తుంది. మనం అవేవీ పట్టించుకోకుండా వేలు ఇంకా ముందుకు పెడితేనే కొరుకుతుంది. నాలుగుసార్లు అలా జరిగాక "మెల్లగా చెబితే వీళ్లకు అర్థం కాదు" అని నిర్ణయించుకుని నేరుగా కొరకడంతోనే మొదలుపెడుతుంది. మీ పక్షి ఇప్పుడు ఆ దశలో ఉన్నట్టుంది. "కొరికినా చెయ్యి తీయకండి, తీస్తే అలుసైపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వ్యవహారం అంతదాకా రానివ్వకూడదు అంటాను నేను. అది వెనక్కి వాలగానే మీరే చెయ్యి తీసేయండి. తన మాట చెల్లుతోందని తెలిసిన పక్షికి కొరకాల్సిన అవసరం ఉండదు. మచ్చిక చేయడంలో ముప్పావు వంతు పని ఇదే.

పంజరం ఎక్కడుంది? నేల మీద ఉంటే పైకెత్తండి. మరీ తలపైన వేలాడదీసి ఉంటే దించండి. మీరు కూర్చుంటే దాని కళ్లూ మీ కళ్లూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక వైపు, కుదిరితే రెండు వైపులా గోడ ఉండాలి. నాలుగు వైపులా ఖాళీ ఉంటే ఎటు నుంచి ఏమొస్తుందో అని దానికి రోజంతా టెన్షనే. ఇంట్లో మనుషులు కూర్చునే గదిలో పెట్టండి, కానీ నడిచే దారికి అడ్డంగా వద్దు. వంటగదిలో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు ఇంత చిన్న పక్షి నిమిషాల్లో చచ్చిపోతుంది. శుక్రవారం సాంబ్రాణి వేసేటప్పుడు, దోమల చుట్ట వెలిగించేటప్పుడు కూడా దాన్ని వేరే గదికి మార్చండి. పక్షుల ఊపిరి మనలాంటిది కాదు, పొగకు అసలు తట్టుకోలేవు.

మన తిరుపతి వాళ్లకు ఉండే తలనొప్పి ఇంకొకటుంది, కోతులు. కపిలతీర్థం దగ్గర ఉండే నా స్నేహితుడి ఇంట్లో ఫిషర్ పక్షి ఒక వారం చక్కగా దగ్గరికి రావడం, మరుసటి వారం మళ్లీ మొదటికి రావడం జరుగుతుండేది. ఏం చేసినా కారణం తెలియలేదు. చివరికి తేలిందేమిటంటే, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కోతులు బాల్కనీ గ్రిల్ మీదకు చేరి దీన్నే చూస్తూ కూర్చుంటున్నాయి. పంజరాన్ని లోపలి గదిలోకి మార్చాక ఆ గొడవ తీరింది. మీది అలిపిరి వైపు ఇల్లయితే ముందు ఈ విషయం చూసుకోండి. పిల్లి, కాకి, గోడ మీద బల్లి కూడా లెక్కలోకి వస్తాయి.

పంజరంలో మట్టి కుండ ఉందా? షాపువాళ్లు పంజరంతో పాటు కుండ కూడా అంటగడతారు. ఉంటే తీసేయండి. కుండ గూడు కిందే లెక్క, పడుకునే చోటు కాదు. అది ఉంటే భయపడ్డ ప్రతిసారీ లోపలికి దూరి కూర్చుంటుంది, మీకు అలవాటు పడే అవకాశమే రాదు. ఆడపక్షి అయితే మగపక్షి లేకపోయినా గుడ్లు పెట్టడం మొదలుపెట్టి ఆ కుండకు కాపలా కాస్తుంది. అప్పుడు మీ చెయ్యి దానికి పగవాడే. పీచ్ ఫేస్‌లో ఆడా మగా చూసి చెప్పలేం. కాగితాన్ని సన్నటి పేలికలుగా కత్తిరించి నడుము ఈకల్లో దోపుకుంటుంటే మాత్రం ఆడదని చాలావరకు అనుకోవచ్చు. కుండ తీసేస్తే దాక్కోవడానికి చోటు లేక బెదిరిపోతుందేమో అనిపిస్తే, పంజరం వెనక సగాన్ని పాత నూలు గుడ్డతో కప్పండి. ఆ మాత్రం మరుగు చాలు.

ఇక అసలు పని. మొదటి వారం మీరు చేయాల్సింది ఏమీ లేదు. పంజరానికి ఒక గజం దూరంలో, పక్కకు తిరిగి కూర్చుని మీ పని మీరు చేసుకోవడమే. కళ్లార్పకుండా దాన్నే చూడొద్దు. మెల్లగా మాట్లాడుతూ ఉండండి, ఫోన్లో మాట్లాడినా పర్వాలేదు. చిత్తూరులో మా బంధువుల ఇంట్లో ఒక పీచ్ ఫేస్ ఉండేది. ఇంట్లో పిల్లలంతా దాని వెంట పడేవాళ్లు. అది ముందుగా వాలింది మాత్రం అవ్వ భుజం మీద. ఆవిడకు పక్షి అంటే ప్రేమా లేదు, కోపమూ లేదు. రోజూ పొద్దున పంజరం పక్కన కూర్చుని తోటకూర ఒలుచుకునేది, అప్పుడప్పుడూ ఒక కాడను కమ్మీల్లో దోపేది. అంతే. పిల్లలకు భలే ఉక్రోషం వచ్చింది.

మీరు పక్కన కూర్చున్నా అది మామూలుగా తింటూ, ఈకలు సర్దుకుంటూ ఉంటే రెండో మెట్టుకు వెళ్లొచ్చు. ఇక్కడ కొర్ర కంకి అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఆన్‌లైన్లో స్ప్రే మిల్లెట్ అని ప్యాకెట్లలో బోలెడు ధరకు అమ్మేది మన కొర్ర కంకే. చిత్తూరు, మదనపల్లె వైపు కొర్ర వేసే రైతులెవరైనా తెలిస్తే కోతలప్పుడు ఒక కట్ట తెచ్చుకోండి, మందు కొట్టని చేను అయితే మంచిది. ఎండలో ఆరబెట్టి గాలి చొరని డబ్బాలో పెడితే చాలాకాలం ఉంటుంది. అది దొరక్కపోతే పొద్దుతిరుగుడు గింజలు వాడండి. ముందు ఆ గింజల్ని రోజువారీ గిన్నెలోంచి తీసేయండి. కొవ్వు ఎక్కువ కాబట్టి రోజూ పెట్టేవి కావు, అందుకే వాటి మీద అంత మోజు. గిన్నెలో కొర్రలు, సజ్జలు, కొంచెం ఓట్స్, రోజూ ఏదో ఒక ఆకుకూర ఉంటాయి. ఇష్టమైనది మాత్రం మీ చేతి నుంచే రావాలి. మచ్చిక కోసం పస్తు పెట్టొద్దు. ఇంత చిన్న ఒంటికి ఒక రోజు తిండి లేకపోయినా ప్రాణం మీదకు వస్తుంది.

కంకిని కొస దగ్గర పట్టుకుని బయటి నుంచే కమ్మీల్లోంచి లోపలికి పెట్టండి. కంకి పొడవుగా ఉంటుంది కాబట్టి మీ వేళ్లకూ దాని ముక్కుకూ మధ్య కావలసినంత దూరం ఉంటుంది. అది రాకపోతే రెండు నిమిషాలు చూసి, కంకిని తీసేసి వెళ్లిపోండి. మళ్లీ సాయంత్రం. వచ్చి ఒక్క గింజ కొట్టుకుని పారిపోయినా ఆరోజుకు అది గెలుపే. రోజులు గడిచేకొద్దీ పట్టుకునే చోటును కాస్త కాస్త ముందుకు జరపండి. భయపడితే మళ్లీ వెనక్కి. కమ్మీల్లోంచి నిబ్బరంగా తినడం వచ్చాక అదే పనిని తలుపు తెరిచి, చెయ్యి గుమ్మం దగ్గర ఉంచి చేయండి. ఆ తర్వాతే అరచేతిలో గింజలు పోసుకుని కింది నుంచి, దాని పొట్ట ఎత్తుకు మించకుండా పెట్టడం. అరచేతిలోంచి తినాలంటే అది మీ వేళ్ల మీద కాలు వేయక తప్పదు. మొదట ఒక కాలు పెట్టి, రెండోది కొమ్మ మీదే ఉంచి తింటుంది. ఆ రెండో కాలి కోసం తొందరపడి చెయ్యి కదిపారో, వారం రోజుల పని పోతుంది.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పది నిమిషాలకు మించకుండా చేయండి. ఇంకా తినాలని అనిపిస్తున్నప్పుడే ఆపేయండి. రాత్రి పది పన్నెండు గంటలు చీకటి, నిద్ర ఉండాలి. టీవీ పదకొండు దాకా నడిచే హాల్లో అయితే తొమ్మిదికల్లా పంజరం మీద గుడ్డ కప్పండి. నిద్ర చాలని లవ్ బర్డ్‌కు చిరాకు ఎక్కువ, మరుసటి రోజు మీ వేలికి ఆ సంగతి తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. షాపుల్లోనూ కొన్ని వీడియోల్లోనూ గుడ్డతో పక్షిని చుట్టి పట్టుకుని, పది నిమిషాలు గుప్పిట్లో ఉంచి వదిలితే "చూడండి, మచ్చికైపోయింది" అంటారు. నిజమే, అది కదలదు. తప్పించుకునే దారి లేదని తెలిసి బిగుసుకుపోయింది కాబట్టి కదలదు. ఈకలు అతుక్కుపోయి, కళ్లు పెద్దవి చేసి, బొమ్మలా కూర్చున్న పక్షిని మచ్చికైనది అనరు. మీ దగ్గర కూర్చుని ఈకలు దులుపుకోవడం, ఒంటికాలి మీద నిలబడటం, ముక్కు కరకరలాడించుకుంటూ కునుకు తీయడం, ఇవీ నమ్మకానికి గుర్తులు.

దీనికి దగ్గరిదే ఇంకో పొరపాటు ఉంది, అది ఇంకా ప్రమాదం. నిన్నటిదాకా కొరికిన పక్షి ఈరోజు ఉన్నట్టుండి నిశ్శబ్దంగా, ఉబ్బిన దూదిలా కూర్చుని చెయ్యి పెట్టినా ఊరుకుంటోందంటే సంబరపడకండి. పగలు నిద్ర, ఊపిరితో పాటు తోక ఆడటం, రెట్ట పల్చబడటం, గింజలు వదిలేయడం కూడా ఉంటే అది జబ్బే. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. ఆరోజే చూపించాలి, రేపు చూద్దాం అనుకుంటే రేపు ఉండకపోవచ్చు. తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ కళాశాల, దాని ఆసుపత్రి ఉండటం మనకు పెద్ద సౌకర్యం. చిత్తూరులో ఉన్నా అక్కడికి తెచ్చుకోవచ్చు. నోరు తెరిచి రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి రొప్పుతుంటే, అది ఏప్రిల్, మే మధ్యాహ్నం అయితే ఎండ వేడి. మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే కదా. వెంటనే చల్లటి గదికి మార్చి, వెడల్పాటి మూకుడులో స్నానానికి నీళ్లు పెట్టండి. ఆ గంటల్లో మచ్చిక పాఠాలు వద్దు.

చేతిలోంచి తినడం బాగా అలవాటయ్యాకే బయటికి వదలడం గురించి ఆలోచించండి. ముందు ఫ్యాన్ ఆపి, అది పూర్తిగా ఆగాక పంజరం తలుపు తీయండి. పెంపుడు పక్షుల ప్రాణాలు ఎక్కువగా పోయేది సీలింగ్ ఫ్యాన్ వల్లనే అని నా అభిప్రాయం. కిటికీలకు తెర వేయండి, అద్దం మీద దుప్పటి కప్పండి, బాత్రూమ్ తలుపు మూయండి, మూత లేని బకెట్ ఉంచొద్దు. మీరు వెళ్లి దాన్ని తేవొద్దు, అదే బయటికి రావాలి, ఆకలేసినప్పుడు అదే లోపలికి పోవాలి. అందుకే గింజలు పెట్టే వేళకు ఓ అరగంట ముందు వదలండి. పట్టుకోవడానికి గదంతా తరిమితే ఇన్నాళ్లూ పడ్డ కష్టం ఒక్క సాయంత్రంలో పోతుంది. తప్పనిసరి అయితే లైట్లు ఆర్పండి, చీకట్లో ఎగరదు, గుడ్డ వేసి మెల్లగా తీసుకోవచ్చు. దీపావళి వారంలో అసలు వదలకండి.

రెక్కల మాట. కత్తిరిస్తే త్వరగా దారికి వస్తుందన్నది పైకి నిజంలా కనిపిస్తుంది. ఎగిరిపోయే దారి మూసేస్తే దానికి మిగిలేది ముక్కొకటే. అంటే కొరకడం పెరుగుతుంది. పైగా ఎగరబోయి నేల మీద పడి రొమ్ము ఎముక దగ్గర చర్మం పగిలిన పక్షుల్ని చూశాను. కొన్ని షాపుల్లో ఒకవైపు రెక్క ఈకలు మాత్రమే కోస్తారు, అది మరీ అన్యాయం. ఇప్పటికే కోసి ఉంటే చేసేదేం లేదు, తర్వాత ఈకలు రాల్చుకున్నప్పుడు కొత్తవి వస్తాయి.

పాప విషయం. పక్షి చేతి దగ్గరికి రాకముందే పిల్లలకు ఓపిక అయిపోతుంది, సహజమే. ఆమెకు వేరే పని ఇవ్వండి. రోజూ సాయంత్రం పంజరం పక్కన కూర్చుని తెలుగు వాచకం పైకి చదవమనండి, కొర్ర కంకి పట్టుకునే బాధ్యత కూడా మీరు రెండో మెట్టు దాటాక ఆమెకే అప్పగించండి. పొడవాటి కంకి ఉంటే వేలికి భయం లేదు. ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, ముద్దులు పెట్టడం వద్దు. పంజరం ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రెట్ట దుమ్ముతో మనుషులకు వచ్చే జబ్బులున్నాయి.

చివరగా జత. లవ్ బర్డ్ గుంపుగా బతికే పక్షి, ఒంటరిగా ఉంచడం పాపం అనేవాళ్ల మాటను కొట్టిపారేయను. కానీ భయం తీరని పక్షికి తోడు తెస్తే అది ఆ తోడునే నమ్ముకుంటుంది, మీతో దానికి పని ఉండదు. మీ ఇంట్లో రోజులో ఎక్కువసేపు ఎవరో ఒకరు ఉంటారంటే ముందు దీన్ని మచ్చిక చేసుకుని తర్వాత తోడు సంగతి చూడండి. అందరూ పొద్దున పోయి రాత్రికి వచ్చేవాళ్లయితే మాత్రం చేతి మీద కూర్చోవాలన్న ఆశ వదులుకుని జతే తెండి, దానికదే న్యాయం. తెచ్చిన కొత్తదాన్ని నెల రోజులు వేరే గదిలో, వేరే పంజరంలో ఉంచి జబ్బేమీ లేదని తేలాకే పక్కపక్కన పెట్టండి. ఒకే పంజరంలో వేయడం ఆ తర్వాత, మీరు ఇంట్లో ఉన్న రోజున, ఇద్దరికీ కొత్తదైన మూడో పంజరంలో. పాతదాని పంజరంలోకి నేరుగా వేస్తే కొత్తదాని కాలివేళ్లు కొరికేస్తుంది.